మన్రో బిరుదు, రైతు పట్టా

ఆదోని, ఆదివారం రాత్రి

నాన్నగారూ,

ఇవాళ కోట కొండ ఎక్కి దిగి, బసాలత్ జంగ్ సమాధి దగ్గర చాలాసేపు ఉన్నాను. నిజాం అలీఖాన్ సోదరుడాయన. ఆదోని ఆయన జాగీరు. 1782లో ఆయన పోయాక కొడుకు మహబత్ జంగ్ చేతికొచ్చింది. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి కోట పట్టేశాడు.

తర్వాత మళ్లీ తన చేతికొచ్చిన ఈ సీమను 1800లో నిజాం కుంపిణీకి ధారపోశాక దత్తమండలాల కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. గ్లాస్గోలో పుట్టినవాడు. అప్పటికి ఊళ్ల మీద పెత్తనం తాతల నాటి పాలెగాళ్లది. వాళ్ల బలగాలు తీసేయించి, చాలామందికి పింఛను కట్టించాడు మన్రో. పొలం పొలం కొలిపించి, మధ్యలో ఎవరూ లేకుండా రైతుతోనే శిస్తు మాట్లాడాడు. శిస్తు మాత్రం బరువే. పావు వంతు తగ్గించాలని 1807లో తానే రాస్తే పైవాళ్లు అప్పట్లో వినలేదు. ఆ మొర ఆయన పెట్టడం నాకు నచ్చింది.

ఎమ్మిగనూరు, మంగళవారం

నాన్నగారూ, అమ్మకు ఇక్కడి మగ్గం దుప్పటి కొన్నాను. మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరిది.

మొన్న సగంలో ఆపాను. పాలెగాళ్ల వంశహక్కును తీసేసిన ఆ మన్రోకే, మద్రాసు గవర్నరుగా ఉండగా, బర్మా యుద్ధంలో చేసిన సేవకు 1825లో వంశపారంపర్య బిరుదొచ్చింది: లిండర్టిస్ బారోనెట్. స్కాట్లండులోని ఒక ఎస్టేటు పేరు మీద ఇచ్చారు. దాంతో ప్రభువుల సభలో చోటు రాదు. పేరు ముందు ‘సర్’ మాత్రం తండ్రి నుంచి పెద్దకొడుక్కి దిగుతుంది. ఎంతో కాలం అనుభవించలేదు. స్వదేశం వెళ్లేముందు ఈ సీమను మళ్లీ చూడాలని వచ్చి, 1827 జూలై 6న, పత్తికొండలో కలరాతో పోయాడు. బిరుదు 8 ఏళ్ల కొడుక్కి దక్కింది. ఆయన 1901 దాకా బతికాడు. తర్వాత తమ్ముడు క్యాంబెల్, 1913లో క్యాంబెల్ కొడుకు హ్యూ. స్కాట్లండులో 3,000 అడుగులు దాటిన కొండలకు 1891లో పట్టిక వేసింది ఈ హ్యూయే. పర్వతారోహకులు నేటికీ వాటిని ‘మన్రోలు’ అంటారు.

మనవడి పేరు కొండలకెక్కింది, నిజమే. అయినా నా మనసు తాత చేసిన పని మీదే ఉంది. బిరుదు తరానికి ఒక్కరికే వస్తుంది. రైతుకు సర్కారుతో నేరుగా కుదిరిన ఆ లెక్క ఈ సీమలో ఎన్ని ఇళ్లకు చేరిందో! మీరు ట్రంకుపెట్టెలో దాచిన తాతయ్య పట్టాను ఈసారి వచ్చినప్పుడు సరిగ్గా చదవాలి.

రేపు పొద్దున పత్తికొండ బస్సెక్కుతాను. అక్కడి నుంచి గుత్తి. మన్రోను మొదట పూడ్చింది అక్కడే. మందులు మానకండి.

మీ అబ్బాయి