ఆసుపత్రి గోడకు సాక్ష్యము

వైద్యుడొక క్రొత్త మందును రోగికిచ్చుటకు ముందు, అది యెందఱికి గుణమిచ్చినది, ఎందఱికి కీడు చేసినది యని విచారించుట నేడు లోకమంతటను న్యాయముగా నంగీకరింపబడినది. పరీక్షకు నిలువని మందునిచ్చువానిని మనమెవ్వరమును నమ్మము. కాని యా మందునిచ్చు నింటి సంగతి వేఱు. గోడ యే దిక్కున నుండవలెను, కిటికీ యెంత వెడల్పుండవలెను, కాన్పుగది యే యంతస్తులో నుండవలెను అను ప్రశ్నలకు సాక్ష్యమడుగువారు మిక్కిలి తక్కువ. స్థలము చూతురు, అంచనా చూతురు, శంకుస్థాపనకు ముహూర్తమును గూడ చూతురు. ఆ కట్టడమువలన రోగికి మేలగునో కీడగునో తెలుపు పరిశోధనలున్నవా యని చూచుట మాత్రము మఱచిపోవుదురు. కట్టడము గూడ నొక మందే యనియు, మందునకు వలెనే దానికిని పరీక్ష వలయుననియు మనవి చేయుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము నెల్లూరు జిల్లా పడమటి మెట్టవారము. వరికుంటపాడు ప్రాంతము మా ప్రాంతము. సముద్రతీరపు టూళ్లకు సాయంకాలమున వచ్చు చల్లగాలి మా వఱకు రాదు. వేసవిలో మాకు వచ్చునది పడమటి వడగాలి. నీరు భూమిలో లోతున నున్నది. ఉన్న నీటిలో ననేకచోట్ల ఫ్లోరైడు హెచ్చు. ఆ నీరే త్రాగి ముసలితనమునకు వచ్చిన స్త్రీపురుషులు మా యిండ్లలో నున్నారు.

కొన్నేండ్ల క్రిందట మా పెద్దమ్మను ఒక యాసుపత్రికి తోడుకొని పోయితిమి. ఆమెకు నడుము బిగిసిపోయినది, మోకాళ్లు వంగవు. ఆసుపత్రి ముంగిట ఎత్తైన మెట్లున్నవి గాని పట్టుకొనుటకు కడ్డీ లేదు. ఇద్దఱము చెఱియొక ప్రక్క పట్టి పైకెక్కించితిమి. లోపలి మరుగుదొడ్డి గొంతుకూర్చుండవలసినది. ఆమె తెల్లవాఱినది మొదలు చుక్క నీరు ముట్టలేదు. ఇంత యెండలో నీరు త్రాగకున్న నెట్లని మేమడుగగా, "వద్దులే తల్లీ, దప్పికైతే ఓర్చుకుంటాను గానీ ఆ దొడ్డిలో కూర్చుని లేవలేను" అనెను. మూత్రపిండముల జబ్బు గలవారికి నీటి కొఱత యెంత కీడో చదువరులెఱుగుదురు. నీరు త్రాగుడని వైద్యుడు చెప్పుచుండగా, త్రాగవద్దని కట్టడము చెప్పుచున్నది. రోగి కట్టడము మాటనే వినును. వేఱు దారి లేదు గదా.

ఇది యొక ముసలమ్మ బాధయే యని త్రోసివేయరాదు. మన దేశములో ఫ్లోరైడువలన ఎముకలకు వచ్చు వ్యాధిని గుఱించిన తొలి పరిశోధనలు నెల్లూరు జిల్లా పల్లెలనుండియే వెలువడినవి. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి యను శాస్త్రజ్ఞులు ఇచటి జనుల బిగిసిన వెన్నెముకలను, వంగని కీళ్లను పరీక్షించి, దానికి హేతువు బావినీటిలోని ఫ్లోరైడని ప్రకటించిరి. మాకు పొరుగుననున్న కనిగిరి తాలూకా ఆనాడు మన జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడు విడిపోయినది. ఆ పరిశోధన జరిగి యెనుబదియేండ్లు దాటినది. అది వైద్యగ్రంథములలోనికి పోయినది గాని, మా పెద్దమ్మ యెక్కిన మెట్లవఱకు రాలేదు.

వచ్చియుండినచో నేమి జరిగియుండెడిది? నడుము వంగనివారు హెచ్చుగానున్న చోట మెట్లకు బదులు వాలుదారియు, గోడలపొడవున చేతికడ్డీయు, కుర్చీవలె కూర్చుండుటకు వీలైన మరుగుదొడ్డియు ప్లానులో మొదటి గీతలై యుండెడివి. ఇట్టి వసతులుండవలెనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గూడ విధించుచున్నది. బోరు వేసిన తరువాత గాక, స్థలము నిర్ణయించుటకు ముందే నీటిని పరీక్షించియుందురు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీరు త్రాగరాదు. కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. వాననీటిలో నది లేనట్లే. కావున ఆసుపత్రి మిద్దెమీద పడు వాననీటిని తొట్టిలో నిలువచేయు నేర్పాటు మాకొక యలంకారము గాదు, చికిత్సలో భాగము.

లెక్కలు చూచి ఆసుపత్రిని దిద్దుట క్రొత్త వెఱ్ఱి యని కొందఱనుకొనవచ్చును. క్రిమియా యుద్ధకాలమున స్కుటారి సైనికాసుపత్రిలో 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది చొప్పున మరణించిరి. మార్చిలో ఆరోగ్యసంఘమువారు వచ్చి, మురుగుకాలువలు కడిగించి, గాలి యాడునట్లు చేసిన పిమ్మట, జూను నాటికి అది నూటికి రెండునకు దిగినది. ఫ్లారెన్సు నైటింగేలు ఆ లెక్కలను బట్టియే తరువాత ఆసుపత్రుల నిర్మాణమును గుఱించి పుస్తకము వ్రాసినది. గోడలును కాలువలును మనుష్యులను చంపగలవని అంకెలతో నిరూపించినది ఆమెయే.

మన దేశములోనే మఱియొక నిదర్శనము గలదు. అహమ్మదాబాదులో చల్లని యంత్రములు లేని యొక ఆసుపత్రియందు బాలింతల వార్డు పై యంతస్తులో నుండెడిది. 2010లో గొప్ప వడగాడ్పు వీచినపుడు ఏప్రిలు మొదలు జూను వఱకు వేడిదెబ్బచే 24 మంది పసికందులు తీవ్రచికిత్సా విభాగమున చేర్చబడిరి. అంతకు ముందటి యేట ఆ మాసములలో నట్లు చేరినవారు ఎనమండుగురు. పిమ్మట వార్డును క్రింది యంతస్తునకు మార్చిరి. 2011లో చేరినవారు నలుగురు. ఎండ తీవ్రతలోని భేదమును వేఱుగా లెక్కించి చూచినను, వార్డు మార్చుటవలన మేలు కలిగెనని పరిశోధకులు తేల్చిరి. ఇందులకు క్రొత్త యంత్రము కావలసిరాలేదు. పట్టిక వ్రాసినవారును, దానిని చదివినవారును కావలసివచ్చిరి. కాలిన స్లాబు క్రింద బాలింతను పరుండబెట్టరాదని మన యవ్వలెఱుగుదురు. ఆ యెఱుక యంకెయైనపుడే యధికారి చెవికెక్కును.

గాలి సంగతియు నట్టిదే. దక్షిణామెరికాలోని పెరూ దేశమున, లీమా నగరములో ఎనిమిది యాసుపత్రులను పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. కిటికీలు, తలుపులు తెఱచినపుడు గదిలోని గాలి గంటకు సుమారు 28 మార్లు మాఱినది. 1950కి ముందు కట్టిన యెత్తైన కప్పుల గదులలో 40 మార్లు, తరువాతి కట్టడములలో 17 మార్లు మాఱినది. యంత్రములతో గాలి పంపు గదులలో నది 12 మార్లే. క్షయవంటి గాలిద్వారా సోకు జబ్బులకు ఈ భేదము చిన్నది గాదు. మన పూర్వుల యెత్తుమిద్దెలను పాతవని కూలద్రోయుటకు ముందు ఒక్కమాఱు కొలిచి చూడవలదా?

కొన్నిమార్లు సాక్ష్యము కట్టవద్దనియు చెప్పును. క్షయరోగికి కొండగాలియు, సానిటోరియమును తప్పవని ఒకప్పుడు లోకమంతయు నమ్మినది. మదనపల్లె చెంత ఆరోగ్యవరము ఆ నమ్మకముననే వెలసి యెందఱికో యాశ్రయమిచ్చినది. 1956లో మద్రాసులో క్షయచికిత్సా పరిశోధన కేంద్రము నెలకొల్పి, కొందఱు రోగులను సానిటోరియములో నుంచి, కొందఱికి ఇంటివద్దనే అవే మందులిచ్చి, యొక యేడు పరీక్షించిరి. పూరిగుడిసెలలో నుండి చికిత్స పొందిన పేదలును సానిటోరియములోని వారితో సమానముగా కోలుకొనిరని 1959లో తేలినది. దానితో వేలకొలది పడకల కట్టడములకు పెట్టవలసిన ధనము మందులకు మఱలుటకు దారి యేర్పడినది. కట్టుటకెంత ధైర్యము కావలయునో, సాక్ష్యమును చూచి కట్టకుండుటకు నంత ధైర్యము కావలయును.

అట్లని యెక్కడి ఫలితమునైనను దెచ్చి మన నెత్తిన పెట్టుకొనవలెనని మా యభిప్రాయము గాదు. 1984లో అల్రిచ్ అను నమెరికా పరిశోధకుడు, పిత్తాశయము తీయించుకొన్న 46 మంది రోగుల పత్రములు పరిశీలించి, కిటికీలో చెట్లు కనబడినవారు ఇటుకగోడ కనబడినవారికంటె త్వరగా నిల్లు చేరిరని చూపెను. అది యొక్క యాసుపత్రి, కొద్దిమంది రోగులు. గౌరవింపదగిన సాక్ష్యమే గాని తుదితీర్పు గాదు. లీమాలో మావంటి వడగాలి లేదు. వైశాఖమాసపు మధ్యాహ్నమున పడమటి కిటికీ తెఱచినచో మా రోగి మాడిపోవును. మాకు తెఱపులు ఉత్తర దక్షిణములకుండవలెను. వాని ముందు లోతైన వసారా, ప్రక్కన వేపచెట్టు నుండవలెను. దూరపు సాక్ష్యము ప్రశ్నను నేర్పును. జవాబు మన యూరి యెండలో కొలిచియే తెలిసికొనవలెను.

ధనమెక్కడిదని యడుగుదురు. కాన్పుగదిని క్రింది యంతస్తున పెట్టుటకు ధనమక్కఱలేదు. మిద్దెకు తెల్లసున్నము వేయుటకు కావలసినది కొద్ది. చేతికడ్డీ ప్లానులోనున్నపుడు చిన్న ఖర్చు. గోడ లేచిన తరువాత పగులగొట్టి పెట్టుటయే పెద్ద ఖర్చు. సాక్ష్యము ముందడుగుటయే పొదుపు.

కావున సోదరీసోదరులారా, మీ యూరికి ఆసుపత్రి మంజూరైనదని విన్ననాడు దండలు సిద్ధము చేయుటతో తృప్తి చెందకుడు. గ్రామసభలో లేచి ప్లాను చూపుమని యడుగుడు. ఈ నీటిని పరీక్షించితిరా? మోకాలు వంగనివారు లోపలికెట్లు పోవుదురు? మే నెలలో బాలింత యెచట పరుండును? ఈ మూడును యింజనీరు చదువక్కఱలేని ప్రశ్నలు. నర్సును, ఆశా కార్యకర్తను, ముసలివారిని గూడ ఆ సభకు పిలిపింపుడు; కట్టడపు బాధ మొదట తెలియునది వారికే. తలుపులు తెఱచిన పిమ్మట ఏటేట వార్డులోని వేడిని, జాఱిపడినవారి సంఖ్యను, నీటి పరీక్షను పట్టికలో వ్రాయించి, గోడమీద అందఱకు కనబడునట్లు పెట్టింపుడు. ఆ పట్టిక తరువాతి యూరి యాసుపత్రికి పునాదియగును.