ఆపరేషన్ అయిపోయింది కదా అనుకోవద్దు

ముప్పయ్యేడో వారంలోనే ముహూర్తం పెట్టించుకుని, వేరేచోట సిజేరియన్ చేయించుకున్న కుటుంబం ఆ సాయంత్రమే తల్లీబిడ్డలను మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. బిడ్డ బరువు బాగానే ఉంది. కానీ ఊపిరి తీసినప్పుడల్లా ముక్కుపుటాలు ఎగరేస్తోంది, డొక్కలు లోపలికి పోతున్నాయి, సన్నగా మూలుగుతోంది. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో ద్రవం ఉంటుంది. నొప్పులప్పుడు విడుదలయ్యే హార్మోన్ల వల్ల అది ఇంకిపోతుంది. నొప్పులు రాకుండా, 39 వారాలు నిండకుండా బిడ్డను బయటికి తీస్తే ఈ ఇబ్బంది ఎక్కువ. ఆ బిడ్డ ఆక్సిజన్ పెట్టాక కోలుకుంది. ముర్రుపాలు మాత్రం ఆలస్యంగా అందాయి.

పది రోజులకు మళ్లీ వచ్చారు, ఈసారి తల్లి కోసం. కోత కాన్పు కదా, కదిలితే కుట్లు తెగుతాయని మంచం దిగనివ్వలేదు. చీము పడుతుందని నీళ్లు కూడా తగ్గించారు. ఎడమకాలి పిక్క వాచి, ముట్టుకుంటే గట్టిగా, వెచ్చగా ఉంది. "నడవక పట్టేసిందిలే డాక్టరమ్మా" అంది అత్తగారు. స్కాన్‌లో సిరలో రక్తం గడ్డ కనిపించింది. అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. సమయానికి రావడంతో మందులతో గండం గడిచింది.

మాయ అడ్డుపడినా, బిడ్డ గుండె వేగం పడిపోయినా సిజేరియనే ప్రాణాలు కాపాడుతుంది. నా అభ్యంతరం అవసరం లేని కోత మీదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. ప్రతి కోతా తర్వాతి కాన్పునూ కష్టం చేస్తుంది. పాత కోత మచ్చలోకి మాయ చొచ్చుకుపోతే రక్తస్రావం ఆపడానికి గర్భసంచే తీసేయాల్సి రావచ్చు.

అందుకే పెద్దలకు నా మనవి. వైద్య కారణం లేకుండా తేదీ ముందుకు జరపమని అడగకండి. ఆపరేషన్ అయిన బాలింతను డాక్టరు చెప్పినప్పటి నుంచే మెల్లగా నడిపించండి, దాహం తీరా నీళ్లివ్వండి. జ్వరం, కుట్ల దగ్గర చీము, ఎక్కువ రక్తస్రావం, ఒక కాలికే వాపు, ఆయాసం, తగ్గని తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా, బిడ్డ పాలు తాగకపోయినా, ఎగఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి.