నౌపడ దారిలో

కోటబొమ్మాళిలో టీ తాగి, టెక్కలి మీదుగా నౌపడ వైపు బండి తిప్పాం. ఊరికే, పనేం లేదు.

ఉప్పుమడులు మొదలయ్యాక చెట్టూ చేమా తగ్గిపోయాయి. తెల్లటి గుట్టలు, బురద, పల్చటి నీళ్లు. రాజస్థాన్‌లోని సాంభర్ ఉప్పు సరస్సు చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నా. మన జిల్లాలోనే ఇంత ఉందని ఎవరూ చెప్పరేం!

అక్కణ్ణుంచి తేలినీలాపురం. ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూడబాతుల కాపురాలు. ఓ పిల్ల తల్లి ముక్కుసంచిలోకి తల మొత్తం దూర్చేసి చేపలు లాక్కుంటోంది. తల్లి ఊగిపోతోంది పాపం! పక్క కొమ్మ మీద ఎర్రకాళ్ల కొంగలు. కింద ఆకులన్నీ రెట్టతో సున్నం కొట్టినట్టున్నాయి. వాసన సంగతి అడక్కండి.

"సైబీరియా నుంచి వచ్చినాయి బాబూ" అందో మామ్మ. నిజానికి ఈ రెండూ దక్షిణాసియా పక్షులే. సెప్టెంబరులో వచ్చి, గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, మార్చి దాటేసరికి ఎగిరిపోతాయి. అయినా మామ్మతో వాదించలేదు. ఆ కంపు, ఆ గోల ఏటా భరిస్తున్నది ఆవిడ, నేను కాదు.

పక్షుల్ని కాపాడాలని పోస్టులు పెట్టడం తేలిక. మన పెరట్లో రెట్ట పడితే ఎంతమందిమి ఊరుకుంటాం?

ఇచ్ఛాపురం వైపు వాళ్లెవరైనా ఉన్నారా? తేలుకుంచిలో నత్తగుల్ల కొంగల్ని చూడాలంటే వానల్లో ఏ నెల మంచిది? కామెంట్లో చెప్పండి.