నట్టకు పక్షవాతం

కబేళా నుంచి బకెట్‌లో వచ్చిన గొర్రె పొట్ట ఇంకా వెచ్చగానే ఉంది. నెమరువేసే జీవానికి పొట్టలో నాలుగు గదులు. ఇక్కడ కావలసింది నాలుగోది, జీర్ణరసం ఊరే గది. ఆ పశువైద్య కళాశాల పరాన్నజీవుల విభాగంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి దాన్ని కత్తెరతో నిలువునా కోసి ట్రేలో పరిచింది. నాకు బురదరంగు నీళ్లు తప్ప మొదట ఏమీ ఆనలేదు. "పొర మీద చూడండి సార్, దగ్గరగా" అంది. వంగి చూశాను. రెండేసి సెంటీమీటర్ల సన్నటి ఎర్ర నట్టలు, లెక్కపెట్టలేనన్ని, మెలికలు తిరుగుతున్నాయి.

భూతద్దం కింద ఆడ నట్ట అందంగానే ఉంటుంది. రక్తం తాగి ఎర్రబడ్డ పేగు చుట్టూ తెల్లటి అండకోశం పెనవేసుకుని ఉంటుంది. పేరు హీమాంకస్ కంటార్టస్. ఒక్కో నట్ట వల్ల రోజుకు 0.05 మిల్లీలీటర్ల దాకా రక్తం పోతుంది. వెయ్యి నట్టలుంటే 50 మిల్లీలీటర్లు. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 2 లీటర్లే. పైగా ఆడ నట్ట రోజుకు 5 వేల గుడ్లకు తక్కువ కాకుండా పెడుతుంది. అవన్నీ పెంటికలతో పాటు మేత మీదికే చేరతాయి.

ఆ అమ్మాయి నట్టలను ఏరి, గోరువెచ్చని ఉప్పునీరు పోసిన మూడు గాజు పళ్లాల్లో వేసింది. ఒకదాన్ని అలాగే వదిలేసి, రెండోదాంట్లో లెవామిసోల్, మూడోదాంట్లో ఐవర్‌మెక్టిన్ కలిపింది. రెండో పళ్లెంలో నిమిషాల్లోనే మెలికలు ఆగిపోయాయి. నట్టలు కుదించుకుని బిర్రబిగుసుకుపోయాయి. పట్టకారుతో ఒకదాన్ని ఎత్తితే వేలాడలేదు, పుల్లలా నిలబడింది. "చచ్చిపోయిందా?" అనడిగాను. "లేదు సార్. పక్షవాతం. చంపడం మందు పని కాదు" అంది.

ఆ విభాగం ప్రొఫెసరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మన ఒంట్లో నరం కండరం దగ్గరకు వెళుతుంది. నట్టలో అంతా తిరకాసు. కండరమే చెయ్యి చాచి నరం దగ్గరకు పోతుంది. ఆ చెయ్యి చివర, పొర మీద, అయిదు ప్రొటీన్ ముక్కలు గుండ్రంగా చేరి మధ్యలో సన్నటి దారి వదులుతాయి. అదే రిసెప్టర్. నరం నుంచి అసిటైల్‌కోలిన్ వచ్చి తగిలితే ఆ దారి తెరుచుకుంటుంది, సోడియం లోపలికి వస్తుంది, కండరం ముడుచుకుంటుంది. వెంటనే ఒక ఎంజైమ్ అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టేస్తుంది, కండరం మళ్లీ వదులవుతుంది. లెవామిసోల్ కూడా అదే రిసెప్టర్‌ను తెరుస్తుంది గానీ ఆ ఎంజైమ్‌కు లొంగదు. కాలింగ్ బెల్ నొక్కి వేలు తియ్యనివాడి వరస. బిగుసుకున్న నట్ట పొట్టలో పట్టు నిలుపుకోలేదు. బయటికి తోసేసే పని గొర్రె పేగులు చూసుకుంటాయి.

మరి గొర్రె కండరాల మీదా అసిటైల్‌కోలిన్ రిసెప్టర్లు ఉంటాయి కదా అన్నాను. ఉంటాయి గానీ వాటి ముక్కల అమరిక వేరు, కిలోకు 7.5 మిల్లీగ్రాముల మోతాదులో మందు వాటిని పెద్దగా కదిలించదు. ఆ మోతాదు బాగా దాటితే మాత్రం చొంగ కార్చుకుంటూ వణికిపోయేది గొర్రే. అందుకే ఈ మందును చేతికొచ్చినంత పొయ్యడానికి లేదు.

మూడో పళ్లెం తీరు వేరు. అక్కడ తొందరేమీ లేదు. మేం టీ తాగి వచ్చేసరికి నట్టలు మెత్తబడి, సాగి, అడుగున పడి ఉన్నాయి. ఐవర్‌మెక్టిన్ పట్టేది గ్లూటమేట్‌తో తెరుచుకునే క్లోరైడ్ దారుల్ని. క్లోరైడ్ లోపలికి చేరేకొద్దీ నరమూ కండరమూ పిలిచినా పలకవు. అన్నిటికన్నా ముందు దెబ్బతినేది గొంతు కండరమట. అది ఆగిందంటే నట్ట మింగలేదు. ఈ రకం దారులు గొర్రెకూ లేవు, మనిషికీ లేవు. మన మెదడులోని కొన్ని ఇతర రిసెప్టర్లను ఐవర్‌మెక్టిన్ తాకగలదు గానీ, మెదడు గుమ్మం దగ్గర ఒక ప్రొటీన్ దాన్ని బయటికి తోడేస్తూ ఉంటుంది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువు చెడి ఉంటుంది. గొర్రెకు మేలు చేసే మందు ఎక్కువైతే గొర్రెలకాపరి కుక్కను పడగొట్టేస్తుందన్నమాట. ఈ మందుకు మూలం జపాన్‌లో గోల్ఫ్ మైదానం పక్కన తీసిన మట్టిలోని సూక్ష్మజీవి. దాన్ని వెలికితీసిన సతోషి ఒమురా, మందు దాకా తెచ్చిన విలియం క్యాంప్‌బెల్ 2015లో నోబెల్ బహుమతిలో సగం పంచుకున్నారు.

గేదె దూడలకు ఏలికపాముల కోసం పట్టే పైపరజీన్ కూడా నట్టను వదులు చేసే రకమే. పైరాంటెల్ లెవామిసోల్ బాటలో బిగించే రకం. ఈ రెంటినీ కలిపి పడితే ఒకటి బిగించమంటుంది, ఇంకొకటి వదలమంటుంది, మధ్యలో నట్ట బతికిపోతుంది. బడి పిల్లల చేత ఫిబ్రవరి 10న నమిలించే ఆల్బెండజోల్‌కు ఈ నరాల గొడవే లేదు. అది నట్ట కణాల లోపలి ప్రొటీన్ గొట్టాలు కట్టుకోకుండా చేస్తుంది.

ఇంతకూ నేను ఆ లేబొరేటరీకి వెళ్లింది పళ్లాలు చూడ్డానికి కాదు. పాలమూరు వైపు ఒక మందలో లెవామిసోల్ పారడం లేదని కబురొచ్చింది. మందుకు ముందూ తర్వాతా పెంటికల్లో గుడ్లు లెక్కపెడితే 95 శాతమన్నా తగ్గాలి. ఇక్కడ సగం కూడా తగ్గలేదు. అంటే రిసెప్టర్ మారిందా? మారడానికి వీలుందని ప్రొఫెసరమ్మ అన్నారు. 2011లో ఒక పరిశోధక బృందం ఈ నట్ట రిసెప్టర్ ముక్కల్ని కప్ప గుడ్లలో తిరిగి కట్టించింది. ఏసీఆర్-8 అనే ముక్క ఉంటే రిసెప్టర్ లెవామిసోల్‌కు బాగా పలికింది. అది లేకుండా కడితే లెవామిసోల్‌కు పలుకు తగ్గి, పైరాంటెల్‌కు పెరిగింది. మందుకు లొంగని కొన్ని నట్టల్లో ఈ ముక్క జన్యువు తునిగి కనిపించింది కూడా. అలాంటి నట్ట ఎక్కడో ఒకటి అరా ముందునుంచీ ఉంటుంది. మందు మిగతావాటిని ఊడ్చేసి దానికి జాగా చేసి పెడుతుంది.

ఆ జాగా ఎలా దొరుకుతుందో ప్రొఫెసరమ్మతో కలిసి ఆ మంద ఉన్న ఊళ్లో చూశాం. తుమ్మచెట్టు కింద మందను ఆపి, భుజాన గొంగడితో కురుమ పెద్దాయన సీసా చేతపట్టుకుని నిలబడ్డాడు. ఒక గొర్రె దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. "ముందుగాల మందు తాపితె రెండు దినాలల్ల తేరుకునేటియి మేడమ్. ఇప్పుడు తాపినా అట్లనే ఉంటున్నయి. మందు కల్తీ అయితున్నది" అన్నాడు. ఆమె కాదనలేదు, ఔననలేదు. "ఎట్ల తాపుతవ్ తాతా, ఒకసారి చూపియ్" అన్నారు. ఆయన మోకాళ్ల మధ్య గొర్రెను బిగించి, దవడ పక్కనుంచి సీసా మూతి దూర్చి గుటకేయించాడు. పెద్దదీ చిన్నదీ ఒకే మూత కొలత. ఆ వెంటనే అదే మూతతో మేకకూ పోశాడు.

అసలు కిటుకు అక్కడుంది. మేక ఒళ్లు మందును గొర్రెకన్నా తొందరగా అరగదీసుకుంటుంది. లెవామిసోల్ దానికి ఒకటిన్నర రెట్లు కావాలి. గొర్రె కొలత పోస్తే మేక పొట్టలో బలహీనమైన నట్టలు పోతాయి, సగం మొండివి మిగులుతాయి. గొర్రే మేకా ఒకే బీడు మేస్తాయి.

ప్రొఫెసరమ్మ ఒక్కో గొర్రె కింది కనురెప్పను వేలితో లాగి చూపించారు. కొన్నింటికి ఎర్రగా ఉంది, నీరు దిగినదానికి కాగితంలా పాలిపోయింది. "పాలిపోయిన వాటికే తాపు, ఎర్రగున్నవి వదిలెయ్" అన్నారు. మందు తగలని నట్టలు కొన్ని బీట్లో మిగిలితేనే మొండివాటి సంతానం పలచబడుతుంది. పెద్దాయనకు ఇది అస్సలు రుచించలేదు. "సర్కారోళ్లు మంద మొత్తానికి తాపాలంటరు, మీరేమో వదలమంటరు. ఎవరి మాట ఇనాలె?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఉచితంగా మంద మందంతటికీ ఒకే రోజు తాపడం చూడ్డానికి పెద్ద పనిలా ఉంటుంది, లెక్క రాసుకోవడానికీ తేలిక. కనురెప్పలు లాగి చూస్తూ కూర్చునే ఓపికకు ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు. మార్చాల్సింది మందు కంపెనీకన్నా ముందు ఈ అలవాటునే అని నాకనిపించింది.

బేరం చివరికి ఇలా తెగింది: మందు మార్చాలి, కొలత మందలో బరువైన గొర్రెను తూచి పెట్టాలి, మేకలకు వేరే మూత, ఎర్ర రెప్పల వాటిని ఈసారికి వదలాలి. తూకం ఎక్కడిదని పెద్దాయన అడిగితే, సంతలో మాంసం తూచే కాటా చాలన్నారామె. రెండు వారాలకు పెంటికలు కవర్లలో కట్టి బస్సుకు పంపే పని ఆయన మనవడికి అప్పగించారు. ఆ కుర్రాడు ఏ కవరు ఏ జీవానిదో గుర్తుండేలా చెవుల మీద రంగు పెయ్యడం అప్పుడే మొదలుపెట్టాడు. తాతేమో నీరు దిగిన గొర్రెను పక్కకు లాక్కుపోతూ, "దీనికైతే రెండు మూతలు పోస్త, ఎవరేమన్నా" అంటున్నాడు. "రెండు పోస్తె గొర్రె పోతది తాతా" అని ప్రొఫెసరమ్మ వెనకాలే పరుగెత్తారు.