వెల్లంకి నుంచి ఇటుక బట్టీల దాకా

రామన్నపేట మండలం వెల్లంకిలోని గ్రంథాలయం ఒకప్పుడు కూరెళ్ల విఠలాచార్య నివాసం. 2016లో జిల్లాల విభజనతో ఈ ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లింది గానీ అంతకుముందు నల్లగొండదే. 1938లో పుట్టిన విఠలాచార్య ఉపాధ్యాయుడిగా, తర్వాత అధ్యాపకుడిగా పనిచేశారు. ఉద్యోగ విరమణ చేశాక సొంత ఇంటినే గ్రంథాలయంగా మార్చి, ఏళ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలను ఊరి పరం చేశారు. 2021 డిసెంబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ గ్రంథాలయాన్ని ప్రస్తావించే నాటికి పుస్తకాలు సుమారు 2 లక్షలు. 2024లో విఠలాచార్యకు పద్మశ్రీ వచ్చింది. ఆయన్ను చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ గ్రంథాలయాలు పెట్టుకున్నారు.

ఇలాంటి చోట స్వచ్ఛంద సేవలో పుస్తకాలు ఇచ్చిపోవడం చిన్న భాగమే. వచ్చిన మూటలు విప్పి చెదలు పట్టినవీ, రెండో ప్రతులూ వేరుచేయాలి. మిగిలినవాటికి నంబరు వేసి రిజిస్టరుకెక్కించాలి, చిరిగినవాటికి అట్టలు వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, రోజూ సాయంత్రం తలుపు తీసి కూర్చునే మనిషి ఉండాలి. చాలా ఊళ్లలో గ్రంథాలయం మూతపడేది ఆ ఒక్క మనిషి దొరకకే.

తెలంగాణలో గ్రంథాలయం పుట్టిందే తమ భాషకు చోటు లేని జనం కోసం. నిజాం పాలనలో కచేరీ భాష, పైచదువుల భాష ఉర్దూ. తెలుగు చదవాలనుకునేవాళ్లు తమ ఏర్పాటు తామే చేసుకోవాల్సి వచ్చింది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అలా మొదలైంది. దాని వెనక నిలబడినవాళ్లలో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ఉన్నారు. మునగాల ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. ఆ రోజుల్లో అది నిజాం ఊళ్ల మధ్య చిక్కుకున్న బ్రిటిషు పరగణా. నకిరేకల్ ప్రాంతంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. జీతాలు లేకుండా, సర్కారు అండ లేకుండా వాళ్లు చేసిన పని ఒక్క మాటలో చెప్పాలంటే, పాఠకుడి దగ్గరికి పాఠకుడి భాషలో పుస్తకం చేర్చడం. ఇవాళ నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో, తమ భాషలో పుస్తకం దొరకని ఆనాటి తెలుగువాళ్ల స్థానంలో వేరేవాళ్లు ఉన్నారు.

వాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది ఇటుక బట్టీల ఒడియా కుటుంబాల గురించి. వెల్లంకి ఉన్న జిల్లాలోనే బొమ్మలరామారం వైపు వెళ్తే రోడ్డు పక్కన ఆరబెట్టిన పచ్చి ఇటుకల వరుసలు, వాటి వెనక ఇటుకలు పేర్చి పైన టార్పాలిన్ కప్పిన పొట్టి గుడిసెలు కనబడతాయి. బొలాంగీర్, నువాపడా, కలహండి వంటి పశ్చిమ ఒడిశా జిల్లాల నుంచి వీళ్లు పంటకోతల తర్వాత బయల్దేరతారు. సర్దార్ (కూలీలను కుదిర్చే దళారి) చేతి మీదుగా అడ్వాన్సు తీసుకుని, వానలు పడేదాకా ఇక్కడే ఉంటారు. కూలి వెయ్యి ఇటుకల లెక్కన కడతారు కాబట్టి ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత పని. పిల్లలు ఇటుకలు తిప్పడానికి, తమ్ముళ్లను చూసుకోవడానికి మిగిలిపోతారు. బడి సంవత్సరంలో సగానికి పైగా అక్కడే గడిచిపోతుంది.

దగ్గరలో తెలుగు బడి ఉన్నా వాళ్లకు అందులో పాఠం అర్థం కాదు. 2017లో రాచకొండ పోలీసు కమిషనరేట్, ఎయిడ్ ఎట్ యాక్షన్ సంస్థ కలిసి ఈ ప్రాంతపు బట్టీల దగ్గర ఒడియా మాధ్యమంలో బడులు పెట్టడం మంచి మలుపు. పాఠ్యపుస్తకాలు అలా చేరాయి. పాఠ్యపుస్తకం కాని పుస్తకం, అంటే కథ, బొమ్మల పుస్తకం, పెద్దవాళ్లు చదువుకునే పత్రిక చేర్చే పని ఇంకా మిగిలే ఉంది. గ్రంథాలయ సేవకులు అందుకోవాల్సింది దీన్నే.

ఆ కుటుంబాలు గ్రంథాలయానికి వస్తాయని ఎదురుచూడటంలో అర్థం లేదు. తెల్లవారకముందే మట్టి కలిపి పొద్దుగూకేదాకా అచ్చులు పోసేవాళ్లు పది కిలోమీటర్లు నడిచి రారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించింది ఇలాంటి పాఠకుల కోసమే. మెట్ట నేలలో పడవకు బదులు ట్రంకుపెట్టె కట్టిన మోటారుసైకిలు చాలు. పని కాస్త తెరిపి ఇచ్చే రోజు చూసి, వారానికోసారి ఒకే వేళకు తప్పకుండా వెళ్లాలి. వేళ తప్పితే పిల్లల నమ్మకం పోతుంది, దాన్ని మళ్లీ సంపాదించడం కష్టం.

పుస్తకాల ఎంపికలో ఒక మెలిక ఉంది. ఈ కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి, బడిలో నేర్చుకున్నది ఒడియా. అందుకని చిన్నపిల్లలకు మాటలు తక్కువగా ఉండే బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, ఒడియా కథలకు మెల్లగా రావాలి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఒడియా, తెలుగు సహా అనేక భాషల పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని అచ్చువేసుకోవడానికీ అనుమతి ఉంది. ఒకే కథను రెండు భాషల్లో పక్కపక్కన అచ్చువేస్తే బట్టీ పిల్లలూ ఊరి పిల్లలూ కలిసి కూర్చునే వీలుంటుంది. ఇక ఒడియా రాని సేవకుడు చదివి వినిపించలేడు కదా అనే సందేహం వస్తుంది. దాదాపు ప్రతి బట్టీలో ఏడో ఎనిమిదో తరగతి దాకా చదివిన యువకుడో యువతో ఉంటారు. పెట్టె తాళంచెవి, రిజిస్టరు వాళ్ల చేతికివ్వడం సరైన పని. రేషన్ కార్డు ఇక్కడ ఎలా పనిచేస్తుంది, అంగన్‌వాడీ ఎక్కడుంది, జ్వరమొస్తే ఏ ఆసుపత్రికి వెళ్లాలి వంటి విషయాలు ఒడియాలో రాసిన ఒక కాగితం కూడా ఆ పెట్టెలో ఉండాలి. పెద్దవాళ్లు ముందుగా అడిగేది దాన్నే.

పాలమూరువాళ్లకు ఈ బతుకు కొత్త కాదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో ముంబయి, పుణె వెళ్లి భవనాలు కట్టిన తరాలు మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇంకా ఉన్నాయి. మరాఠీ బడి అర్థంకాక పని దగ్గరే ఆగిపోయిన పిల్లలు ఇప్పుడు అమ్మానాన్నలు. ఒడియా పెట్టె అవసరమేమిటో వాళ్లకు వివరించనక్కర్లేదు. సేవకులను వెతకాల్సింది మొదట అక్కడే.

భాషలు బయటినుంచి వచ్చినవే కావు. నారాయణపేటలో తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ వీధిలో వినిపిస్తాయి. కృష్ణా మండలం వైపు కన్నడమే ఇంటి భాష. దేవరకొండ తండాల్లో లంబాడాలు గోర్ బోలి మాట్లాడతారు. ఆ భాషకు సొంత లిపి లేదు, కాబట్టి కొని తెచ్చే పుస్తకాలూ తక్కువే. అక్కడ సేవకుడి పని ముసలివాళ్లు చెప్పే కథలు రికార్డు చేసి, తెలుగు లిపిలో రాయించి, కుట్టి, తండా బడిలో ఉంచడం.

దీనికంతటికీ చట్టంలో చోటుంది. హైదరాబాద్ రాష్ట్రం 1955లోనే పౌర గ్రంథాలయాల చట్టం తెచ్చుకుంది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1960 చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చాయి. స్థానిక సంస్థలు వసూలు చేసే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వాటికి చేరాలి. 2009లో యునెస్కో ఆమోదించిన బహుసాంస్కృతిక గ్రంథాలయ ప్రకటన ప్రకారం, ఏ భాషవారికైనా వివక్ష లేకుండా సేవ అందాలి. వలస కూలీకి మన దగ్గర అడ్డుపడేది సాధారణంగా చిరునామా రుజువు, డిపాజిట్టు. ఊళ్లో ఒకరు పూచీ ఉంటే సభ్యత్వం ఇచ్చే పద్ధతి దీనికి తేలికైన పరిష్కారం. ఒడియా, కన్నడ పుస్తకాలు కొనమని జిల్లా సంస్థను అడగాలంటే సేవకుల చేతిలో లెక్క ఉండాలి. ఏ బట్టీలో ఎందరు పిల్లలు, ఏ తరగతి దాకా చదివారు, ఏ పుస్తకం ఎన్నిసార్లు చేతులు మారింది అన్నది నవంబరు నుంచే రాసిపెడితే, మేలో వాళ్లు రైలెక్కేలోపు వచ్చే ఏటి కొనుగోలుకు అర్జీ సిద్ధమవుతుంది.