అటక మీది గది

ఏదైనా పని మూలపడితే అది 'అటకెక్కింది' అనడం తెలుగువారి వాడుక. పథకాలు అటకెక్కుతాయి, వాగ్దానాలు అటకెక్కుతాయి, ఉత్సాహంగా ఆరంభించిన గ్రంథరచనలు సైతం అటకెక్కుతాయి. ఇంతటి అపకీర్తిని మోస్తున్న ఆ చోటు నిజంగా ఏ పనీ లేని చోటేనా అన్న సందేహం మాత్రం సాధారణంగా ఎవరికీ కలగదు. సంస్కృతంలో 'అట్టము' అంటే మేడ. 'అట్టాలకము' అంటే కోట బురుజు. అంత ఘనమైన మాటలకు చెవికి చుట్టంలా వినిపించే మన అటకకు దక్కినవి పాత జాడీలు, సొట్టపడిన బిందెలు, ఎలుకలు.

కోనసీమలోని ఒక పల్లెలో అటువంటి అటక ఒకటి పడకగదిగా మారింది. ఆ ఇల్లు రెండు వాలుల పెంకుటిల్లు. తాటి దూలాలు, టేకు వాసాలు, వాటిపైన బెంగుళూరు పెంకులు. ఈ పెంకుల పుట్టిల్లు నిజానికి బెంగుళూరు కాదు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో నెలకొల్పిన కర్మాగారంతో ఈ రకం పెంకులకు ప్రసిద్ధి కలిగింది. కోస్తా జిల్లాలకు వచ్చేసరికి ఎందుచేతనో మంగుళూరు కాస్తా బెంగుళూరు అయింది. ఆ ఇంటి నడిమి హాలుపైన దూలాల మీద చెక్కపలకలు పరచి, పలకల మీద 4 అంగుళాల మందాన మట్టి మెత్తి అటకను నిర్మించారు. పొడవు 16 అడుగులు, వెడల్పు 12 అడుగులు. వెన్నుదూలం కింద 9 అడుగుల ఎత్తు ఉన్నా, చూరు వైపు పోయేకొద్దీ అది 3 అడుగులకు దిగిపోతుంది. రెండు కొసలలోని ముక్కోణపు గోడల పైభాగాన ఇటుకలను ఎడమెడంగా పేర్చి వదలిన కంతలు ఉండేవి. వాటిలో పిచ్చుకలు కాపురం చేసేవి.

ఇంటిలో ఉన్నది ఐదుగురు. ఇంటి పెద్ద పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడు. ఆయన కొడుకు, కోడలు, ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం చదువుతున్న మనుమరాలు, ఆరవ తరగతి మనుమడు. ఇల్లు విశాలమైనదే కాని, తలుపు వేసుకొని ఒంటరిగా కూర్చోగల చోటు అందులో ఒక్కటీ లేదు. హాలులో టీవీ మోగుతుంటుంది. వసారాలో వచ్చేపోయేవారి మాటలు సాగుతుంటాయి. ఆ అమ్మాయి రాత్రి పది గంటలు దాటిన తరువాత వంటింటి గడప మీద కూర్చొని భౌతికశాస్త్రం చదువుకొనేది. అటకను ఆమెకు గదిగా అమర్చుదామన్న ఆలోచన తల్లిది.

"ఖాళీగా పడి ఉన్న చోటే కదా, మామయ్యగారూ!" అన్నదామె.

"ఖాళీగా ఉన్నట్టు కనబడుతుందమ్మా. అది ఊరికే లేదు" అన్నాడాయన.

అంతకుమించి మాట్లాడలేదు. ఆయన మనసు అందరికీ తెలిసినదేనని అందరూ అనుకొన్నారు. నాలుగేళ్ళ క్రితం కన్నుమూసిన భార్య స్వయంగా పేర్చిన ఆవకాయ జాడీల వరుస ఆ అటక మీద అలాగే ఉంది. వాటిని కదిలించడం ఆయనకు ఇష్టం లేదని కోడలు భావించింది. నొప్పించకుండా నచ్చజెప్పింది. ఆయన అడ్డుచెప్పలేదు.

భోగికి వారం ముందు అటక దిగింది. జాడీలు, గంగాళం, కావడిబద్ద, ఊచలు విరిగిన ఉయ్యాల తొట్టె, మూడు తరాల పెళ్ళిపీటలు, తాళం చెవి పోయిన ఒక చెక్కపెట్టె. వీధి పిల్లలు భోగిమంటకు కట్టెల కోసం గుమ్మంలో కాచుకొని ఉన్నారు. పెట్టె పగలగొట్టి చూస్తే అందులో తాళపత్రాల కట్టలు రెండు కనిపించాయి. ఒకటి పురుగు తిని పొడిగా రాలిపోయింది. రెండవదానిలో భూముల లెక్కలు, కొన్ని వైద్యయోగాలు ఉన్నాయి. తెలుగునాట ఇటువంటి పెట్టెలలో ఎన్ని కావ్యాలు మట్టిపాలయ్యాయో లెక్క తేల్చడం సాధ్యం కాదు. 19వ శతాబ్దంలో బ్రౌన్ దొర, ఆ తరువాత మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు శ్రమించి ప్రతులను సేకరించకపోతే మన సాహిత్యచరిత్రలో చాలా పుటలు ఖాళీగానే ఉండేవి. ఆ ఇంటి కట్టలో కావ్యమేమీ లేదు. అయినా ఆ అమ్మాయి దానిని గుడ్డలో చుట్టి తన పుస్తకాల దగ్గర పెట్టుకొన్నది. మిగిలినవి తలో చోటికి చేరాయి. జాడీలు మాత్రం వంటింటి గూటిలోకి, అదే వరుసలో.

వడ్రంగి దూలాలను గూటంతో తట్టి చూశాడు. "మాస్టారూ, ఇవి సామాను మోయడానికి వేసినవి. మనుషులు తిరగడానికి వేసినవి కావు" అన్నాడు. కొత్తగా రెండు దూలాలు దూర్చాడు. బరువు తగ్గించడానికి పలకల మీది మట్టిని తట్టలతో దింపించాడు. ఎలుకలు, పిచ్చుకలు రాకుండా గోడలలోని కంతలను సిమెంటుతో మూయించాడు. పెంకుల కింద వాసాలకు ఆనించి ప్లైవుడ్ పలకలు బిగించాడు. ఉత్తరపు గోడలో కిటికీ పెట్టాడు. ఎండు కలపకు నిప్పు ప్రమాదం ఉంటుంది కనుక కరెంటు తీగలను గొట్టాలలో నడిపించాడు. ఎత్తు తక్కువైన చూరు వైపు మంచం, నిటారుగా నిలబడగలిగిన నడిమి భాగంలో బల్ల. పడుకొన్నవారికి తల ఎత్తవలసిన పని ఉండదు కదా! ఈ అమరిక అమ్మాయిదే.

మెట్ల దగ్గర మాత్రం చిన్న వివాదం నడిచింది. నిచ్చెన తీసివేసి చెక్కమెట్లు కట్టాలి. చోటు కలిసివస్తుందని వడ్రంగి ఒక్కొక్క మెట్టు 9 అంగుళాల ఎత్తు పెడతానన్నాడు. అమ్మాయి 6 అంగుళాలకు మించడానికి వీల్లేదని పట్టుబట్టింది. లేడిపిల్లలా పరుగెత్తే పిల్లకు ఇంత తేలిక మెట్లు దేనికని తండ్రి విసుక్కొన్నాడు. ఆమె కారణం చెప్పలేదు. చివరికి హాలులో మరో మూడడుగుల చోటు మెట్లకే పోయింది.

మాఘమాసంలో గది సిద్ధమైంది. ఆ చలిరోజులలో అది నిజంగా స్వర్గమే. పరీక్షలు ముగిసేదాకా ఆ అమ్మాయి అక్కడే చదివింది, అక్కడే నిద్రించింది. చుట్టుపక్కలవారు వచ్చి చూసి మెచ్చుకొన్నారు.

చైత్రం వచ్చింది. శీతలదేశాలలో ఇంటి కప్పు కింది గదికి కింది అంతస్తుల వెచ్చదనం పైకి పాకి మేలు చేస్తుంది. గోదావరి జిల్లాల ఎండకు ఆ ఉపకారం అక్కరలేదు. మధ్యాహ్నానికి గది ఇటుకబట్టీ అయింది. అర్ధరాత్రి దాటినా గోడలు చల్లబడవు. వారం తిరగకుండా అమ్మాయి పరుపు చుట్టుకొని హాలులోకి దిగింది. అంతకన్న విచిత్రం, ఎన్నడూ లేనిది ఆ యేడు హాలు కూడా ఉడికిపోసాగింది. మెచ్చుకొన్నవారే మళ్ళీ వచ్చి నవ్వారు. పెంకులపైన సున్నం పూయించారు. అకాల వర్షానికి సగం కొట్టుకొనిపోయింది. ఏసీ పెట్టిద్దామని కొడుకు అన్నాడు కాని, అప్పటికే అయిన ఖర్చు అతనిని ఆ మాట రెండోసారి అననీయలేదు. తల్లి ఒకనాటి రాత్రి ఎవరూ చూడకుండా కన్నీరు పెట్టుకొన్నది. కూతురికి ఒక గది ఇవ్వగలిగానన్న తృప్తి ఆమెకు మూడు నెలలైనా నిలవలేదు.

ఇంటి పెద్ద ఎవరినీ ఏమీ అనలేదు. గోడకు వేలాడదీసే ఉష్ణమాపకం ఒకటి కొని, ఒక రోజు హాలులో, ఒక రోజు పైన పెట్టించి, మనుమడి చేత అంకెలు చదివించి నోటుపుస్తకంలో రాసుకొన్నాడు. హాలులో 36 డిగ్రీలు ఉన్నప్పుడు పైన 43. ఆ పుస్తకం చూసిన అమ్మాయి ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చొన్నది.

"తాతగారూ, అటక ఊరికే లేదు అన్నారు కదా ఆ రోజు? అది ఏం పని చేస్తుండేది?"

ఆ ప్రశ్న ఆయనను అడిగినవారు అంతవరకు లేరు. ఆయన నోటుపుస్తకంలో ఇంటి బొమ్మ గీశాడు. "పెంకులు కాగితే కింది గాలి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. గోడ కంతలు దానికి దారి. అది పోయినంత మేర చూరు సందుల నుంచి చల్లగాలి వస్తుంది. ఆ పైన మిగిలిన వేడి హాలులోకి దిగాలంటే నాలుగంగుళాల మట్టిని దాటాలి. అది ఇంటికి గొడుగు తల్లీ! మనం కంతలు మూశాం, మట్టి తీశాం, చెక్కను పెంకుకు ఆనించాం. ఎండ ఇప్పుడు నేరుగా వచ్చి నీ మంచం మీద కూర్చుంటోంది."

"ఆ రోజే చెప్పవలసింది కదా!"

"అడిగితే చెప్పేవాణ్ణి. మీ అమ్మ జాడీల సంగతి అనుకొన్నది. అది కూడా అబద్ధం కాదులే."

మరునాడు వడ్రంగిని మళ్ళీ పిలిపించారు. ప్లైవుడ్ ఊడదీసి, పెంకులకు జానెడు దిగువన వెదురు తడికలతో మరో కప్పు కట్టించారు. మూసిన కంతలు తెరిపించి, ఎలుకలు రాకుండా ఇనుప జాలీ బిగించారు. చూరు వెంబడి గాలి దూరే సందులు వదిలారు. అటక గదిగా మారినందువల్ల గది నెత్తిన ఒక చిన్న అటక వెలిసిందన్నమాట. కంతల బయటి అంచున పిచ్చుకలకు కొంత చోటు మిగిలింది. ఈ రెండవ పని ఖర్చు మొదటిదానిలో నాలుగవ వంతు కూడా కాలేదు.

అప్పటికి రోహిణి కార్తె ప్రవేశించింది. రోళ్ళు పగిలే ఎండలంటారు. గదిని పరీక్షించడానికి అంతకన్న తగిన సమయం లేదు. ఆ రాత్రి ముందుగా తానే పడుకొంటానన్నాడు ఇంటి పెద్ద. "మోకాళ్ళ నొప్పులతో మేడ మెట్లా?" అని కోడలు కంగారుపడింది. ఆయన గోడ పట్టుకొని మెల్లగా ఎక్కాడు. ఆరంగుళాల మెట్లు. ఎక్కడా ఆగలేదు. కిందనుంచి చూస్తున్న తండ్రి కూతురి వైపు తిరిగాడు. ఆమె పుస్తకంలో నుంచి తల ఎత్తలేదు.

తెల్లవారి ఆరున్నరకు ఆయన కిందికి దిగాడు. రోజూ నాలుగున్నరకే లేచే మనిషి. కోడలు కాఫీ గ్లాసుతో ఎదురై ఆత్రంగా చూసింది.

"కళ్ళజోడు పైనే మరిచిపోయాను" అన్నాడాయన మనుమరాలితో. "తెచ్చిపెట్టు. ఎలాగూ నీ పరుపు పైకి మోసుకుపోవాలి కదా!"