శివగామి చెయ్యి బరువెంత?

2015లో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చినప్పుడు, శివుడు లింగాన్ని పెకలించి భుజానికెత్తుకుని జలపాతం కిందికి నడిచే ఘట్టానికి ఈలలతో హాళ్లు దద్దరిల్లిపోయాయి. మా మోతీనగర్ టీకొట్టు దగ్గర ఒక మిత్రుడు మాత్రం “నీళ్లలో బరువు తేలికవుతుంది గురూ! అందులో గొప్పేముంది?” అని పెదవి విరిచాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నీళ్లలో బరువు తేలికయ్యే మాట నిజమే. బావిలో మునిగివున్నంతసేపూ చేద బరువు తెలీదు. పైకి లేవగానే చేతులు లాగేస్తుంది. 100 కిలోల గ్రానైటు రాయి పూర్తిగా మునిగితే సుమారు 37 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. అప్పుడు మన చేతికి తెలిసేది 63 కిలోలే!

కానీ ప్రభాస్ భుజమ్మీది లింగం నీటికి పైన వుంది కదా! దాని బరువు వీసమెత్తు తగ్గదు. తగ్గేది మోసేవాడి బరువే. నడుం లోతు నీళ్లలో మనిషి బరువు దాదాపు సగమే నేలమీద పడుతుంది. కాళ్లకు పట్టు తప్పుతుంది. గజేంద్రుడంతటివాడు మడుగులో మొసలికి లోకువయింది ఇందుకే! చిత్రమేమిటంటే, అలాంటప్పుడు భుజమ్మీది బరువే పాదాలను నేలకు అదిమిపెడుతుంది. చిన్నప్పుడు మా అమ్మ నన్ను భుజాన కూర్చోబెట్టుకుని వాగు దాటేది. నేనామెకు భారమే, కాదనను. కానీ ఆ ప్రవాహంలో నా బరువూ ఆమె అడుగుకి కాస్త సాయం చేసే వుంటుంది.

ఇక నీటి ఎదురు సంగతి. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కన. వేగం రెట్టింపయితే ఎదురు నాలుగింతలు! అందుకే నీటి అడుగున మెరుపులా పిడిగుద్దులు కురిపించే హీరోని నేను నమ్మను. బరువుగా అడుగులేసే హీరోనయితే నమ్ముతాను.

ఇప్పుడు అదే చిత్రం ఆరంభానికి రండి. ఏట్లో మునిగిపోతూ శివగామి పసివాణ్ణి పైకెత్తి పట్టుకుంటుంది. ఊపిరి నిండా పీల్చుకున్న మనిషిని కూడా నీరు రెండు మూడు కిలోల మేరకే పైకి తేల్చగలదు. పసిబిడ్డ మూడు కిలోలు, నీటిపైకి లేచిన చెయ్యి మరో మూడు కిలోలు అనుకోండి. ఆ ఆరు కిలోలూ పైన నిలవాలంటే ఆమె తల కిందికి పోవాల్సిందే! బిడ్డ ఊపిరికి శివగామి ఊపిరి వెల. రాజమౌళి కల్పన అనుకున్నది లెక్కకు అచ్చంగా సరిపోయింది.

లింగం దగ్గర ఈల వెయ్యండి, వద్దనను. కానీ ‘బాహుబలి’ అన్న పేరు ముందుగా చెల్లేది రమ్యకృష్ణ ఎత్తిన ఆ చేతికే!